మైలు రేటు చూసి ఫ్లాట్‌బెడ్ ఎక్కిన కొత్త డ్రైవరు: ఒక కేస్ స్టడీ

అమెరికాలో సీడీఎల్ (వాణిజ్య వాహనాల లైసెన్సు) చేతికి రాగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఫ్లాట్‌బెడ్‌కి వెళ్ళాలా, డ్రై వ్యాన్‌కి వెళ్ళాలా?" అని. (ఫ్లాట్‌బెడ్ అంటే గోడలూ కప్పూ లేని ట్రైలరు, డ్రై వ్యాన్ అంటే మూసిన పెట్టె లాంటి ట్రైలరు.) రెండోది, "మైలుకి ఎంతిస్తారు?" మొదటిదానికి జవాబు రెండోదాంట్లో దొరుకుతుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఈ కేసులో డ్రైవరే కాదు, కొత్త డ్రైవర్లకు సలహాలిచ్చే మేమూ ఒకసారి తప్పటడుగు వేశాం. రాయడానికి అసలు కారణం అదే. ఊరూ కంపెనీలూ గుర్తుపట్టగల కుటుంబ వివరాలూ తీసేశాం. అంకెలు ఆయన లాగుల్లోవి (పనిగంటల చిట్టా), పే స్టబ్బుల్లోవి (జీతం చీట్లు). కాస్త గుండ్రం చేశాం.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. కోస్తాలో లారీలున్న కుటుంబం. కుర్రతనంలో నాలుగైదేళ్ళు పది టైర్ల లారీ నడిపారు. తోబుట్టువు వేసిన పిటిషన్ మీద ఏళ్ళ తరబడి ఎదురుచూసి గ్రీన్‌కార్డుతో టెక్సాస్ వచ్చారు. డల్లాస్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్ స్టోరులో పనిచేస్తూ క్లాస్ ఏ లైసెన్సు తెచ్చుకున్నారు. (హెచ్1బీ మీదున్నవాళ్ళు ఈ మధ్య మమ్మల్ని తరచూ అడుగుతున్నారు. ఆ వీసా మీద ఈ పని కుదరదు. అది తేలకుండా స్కూలుకు డబ్బు కట్టకండి.) స్కూలు ఫీజు సొంతంగా కట్టుకున్నారు కాబట్టి ఏడాదిపాటు ఫలానా కంపెనీలోనే ఉండాలన్న ఒప్పందం ఆయన మెడకు లేదు. తర్వాత కంపెనీ మారగలిగారంటే అందుకే.

చేతిలో రెండు ఉద్యోగాలు. ఒకటి 48 అడుగుల ఫ్లాట్‌బెడ్, మైలుకి 60 సెంట్లు, పట్టా (టార్పాలిన్) కప్పిన లోడుకు అదనంగా 50 డాలర్లు. రెండోది 53 అడుగుల డ్రై వ్యాన్, మైలుకి 52 సెంట్లు. ఆయన ఫ్లాట్‌బెడ్ తీసుకున్నారు. ఎనిమిది సెంట్ల తేడా ఒక కారణం. రెండోది ఆయన మాటల్లోనే: "లోడు మీద పట్టా కట్టడం మనకేమన్నా కొత్తాండీ? పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కదా."

చూస్తున్నదే, నిజమే. కానీ అక్కడ లోడెత్తేది హమాలీలు, తాళ్ళు బిగించి పట్టా కట్టేది క్లీనరు. డ్రైవరు కింద నిలబడి "ఆ మూల లాగరా" అంటాడు. ఇక్కడ డ్రైవరూ ఆయనే, క్లీనరూ ఆయనే. ఈ సంగతి చేరేముందు ఎవరూ అడగలేదు.

వచ్చిన సమస్య

తొమ్మిదో వారంలో మా దగ్గరకు వచ్చారు. ఫిర్యాదులు మూడు. చెప్పినంత డబ్బు రావడం లేదు. కుడి భుజం పైకి లేవడం లేదు. ఇంటర్‌స్టేట్ 20 మీద ఒక తూకం స్టేషన్‌లో లోడు సరిగ్గా కట్టలేదని బండి ఆపేశారు.

ముందు ఆ తనిఖీ సంగతి చూశాం, ఎందుకంటే అది ఉద్యోగానికే ముప్పు. లోడు 40 అడుగుల ఇనుప చువ్వల కట్టలు, 45,000 పౌండ్లు. ముందు వైపు ఏ అడ్డూ లేదు. ఫెడరల్ నిబంధనల ప్రకారం రెండు లెక్కలు విడివిడిగా తేలాలి. మొదటిది బరువు లెక్క: కట్టిన స్ట్రాపులు (బిగింపు పట్టీలు), చైన్ల వర్కింగ్ లోడ్ లిమిట్లన్నీ (ఒక్కోటి ఆపగల బరువు హద్దు) కలిపితే సరుకు బరువులో కనీసం సగం, అంటే 22,500 పౌండ్లు ఉండాలి. రెండోది పొడుగు లెక్క: అడ్డు లేని సరుకుకు మొదటి 10 అడుగులకు రెండు కట్లు, ఆపై ప్రతి 10 అడుగులకూ, మిగిలిన ముక్కకూ ఒకటి. 40 అడుగులకు అయిదు.

ఆయన 4 అంగుళాల స్ట్రాపులు అయిదు వేశారు. ఒక్కోటి 5,400 చొప్పున 27,000. రెండు లెక్కలూ సరిపోయాయి, కాగితం మీద. కానీ చువ్వల అంచు తగిలేచోట ఒక స్ట్రాపు కింద ఎడ్జ్ ప్రొటెక్టర్ (అంచు కోయకుండా పెట్టే అడ్డు) పెట్టలేదు. దారిలో కట్టలు సర్దుకున్నాయి, స్ట్రాపు వదులైంది, అంచు మీద రాసుకుని అంగుళం మేర తెగింది. 4 అంగుళాల స్ట్రాపు మీద కోత ముప్పావు అంగుళం దాటితే ఇన్‌స్పెక్టరు దాన్ని లెక్కలోంచి తీసేస్తాడు. మిగిలినవి నాలుగు: 21,600. బరువు లెక్కా పోయింది, పొడుగు లెక్కా పోయింది. కొత్త స్ట్రాపు వేసేదాకా బండి కదలకూడదన్నారు.

స్ట్రాపు వదులవడం తప్పేమీ కాదు, ఇనుము సర్దుకుంటుంది. అందుకే బయల్దేరిన 50 మైళ్ళలోపు ఆగి చూడాలనీ, ఆ తర్వాత డ్యూటీ స్టేటస్ మారినప్పుడో, 3 గంటలకో, 150 మైళ్ళకో, ఏది ముందైతే అప్పుడు మళ్ళీ చూడాలనీ నియమం. ఎందుకు ఆగలేదని అడిగాం. లోడు కట్టేసరికే 14 గంటల గడియారంలో (డ్యూటీ మొదలయ్యాక బండి నడపడానికి ఉండే గడువు) ఆరు గంటలు పోయాయట. అసలు జబ్బు ఈ మాటలోనే ఉంది. మేం ఆ రోజు పట్టుకోలేదు.

ఒక మంచి జరిగింది. ఇన్‌స్పెక్టరు అడిగినవాటికి ఆయన తడుముకోకుండా ఇంగ్లిషులో జవాబు చెప్పగలిగారు. 2025 జూన్ 25 నుంచి, రోడ్డు మీద అధికారితో ఇంగ్లిషులో మాట్లాడలేని, బోర్డులు చదవలేని డ్రైవరును అక్కడికక్కడే ఆపేస్తున్నారు. స్టోరు కౌంటరు అనుభవం ఇలా అక్కరకొచ్చింది.

మొదట ప్రయత్నించినవి

భుజం నొప్పి పనివల్ల వచ్చిందా, పనిచేసే తీరువల్ల వచ్చిందా అన్నది తేల్చాలనుకున్నాం. ఒక యార్డులో ఆయన చేత కలప లోడు మీద పట్టా వేయించి చూశాం.

కలప లోడుకు వాడే పట్టా పక్కలకు 8 అడుగులు కిందికి దిగుతుంది. చుట్టితే ఒక్కొక్కటి 80 నుంచి 100 పౌండ్లు, లోడుకు రెండు. ఆయన ఆ చుట్టను భుజానికెత్తుకుని, నేలకు అయిదడుగుల ఎత్తున్న ట్రైలరు మీదికెక్కి, అక్కణ్ణుంచి లోడు మీదికి తోస్తున్నారు. పట్టా లోడుకు రెండుసార్లు. అదీ కుడి భుజం మీదే. చైన్లు బిగించేటప్పుడు లీవర్ బైండరుకు (చైను బిగించే మీట) ఇనుప గొట్టం తొడిగి ఒంటి బరువంతా వేస్తున్నారు. ఆ గొట్టం వెనక్కి తన్నితే దవడ పగులుతుంది. పాతకాపులు కూడా ఈ పని చేస్తారు కాబట్టి కొత్తవాళ్ళకు అదే పద్ధతనిపిస్తుంది.

నాలుగు మార్పులు చేశాం. ఫోర్క్‌లిఫ్ట్ వెళ్ళిపోకముందే ఆపరేటర్ని అడిగి రెండు చుట్టలూ లోడు మీద పెట్టించుకోవాలి. చాలామంది పెడతారు, అడగడమే తరువాయి. పట్టా వెనక భాగానిది ముందు పరిచి, ముందు భాగానిది దాని మీదికి వచ్చేలా వేయాలి. తిరగేస్తే గాలి సందులోకి దూరి పట్టాను చింపేస్తుంది, మళ్ళీ దిగి కట్టే పని ఆయనదే. లీవర్ బైండర్లు పక్కనపెట్టి రాచెట్ బైండర్లు (కొంచెం కొంచెంగా తిప్పి బిగించేవి) వాడాలి. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టినా భుజానికి కుదుపు ఉండదు. చువ్వలకూ పలకలకూ స్ట్రాపు కాదు, చైను. అదే 45,000 పౌండ్ల లోడుకు గ్రేడ్ 70 రకం, 3/8 అంగుళం చైన్లు ఆరు వేస్తే ఒక్కోటి 6,600 చొప్పున 39,600. ఒకటి పోయినా అయిదు మిగులుతాయి, బరువూ తగ్గదు. అయిదు చాలే లోడుకు ఆరు వేయించడం అందుకే.

భుజం సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పించాం. టెక్సాస్‌లో ప్రైవేటు కంపెనీ వర్కర్స్ కాంప్ బీమా (పనిలో గాయాలకు) పెట్టుకోకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. బీమా ఉన్నచోట గాయం గురించి 30 రోజుల్లో తెలియజేయాలి. "నోటితో చెప్పానండీ" అంటే తర్వాత రుజువు చేయడం కష్టం.

రెండు వారాల విశ్రాంతి, మూడు వారాల కొత్త పద్ధతి. నొప్పి సగానికి తగ్గింది, పోలేదు. డబ్బు అలాగే ఉంది. "ఇంక నావల్ల కాదు, వ్యాన్‌కి వెళ్ళిపోతా" అన్నారు. మేం సరేనన్నాం.

వ్యాన్‌లో ఏం జరిగింది

సరేనడానికి మా తర్కం ఇది: భుజం నొప్పి ఉన్నవాడికి పట్టా, చైన్లు లేని పని మంచిది, వ్యాన్‌లో సరుకు ముట్టుకోనక్కర్లేదు, మైళ్ళు ఎక్కువొస్తాయి కాబట్టి రేటు తగ్గినా చెల్లుతుంది. మూడూ వినడానికి బాగానే ఉన్నాయి.

మొదటి దెబ్బ భుజానికే తగిలింది. ట్రైలరు వదిలి ఇంకొకటి తగిలించుకునే ప్రతిసారీ ల్యాండింగ్ గేర్ (ట్రైలరును నిలబెట్టే కాళ్ళు) హ్యాండిల్ తిప్పాలి, ఫిఫ్త్ వీల్ (ట్రైలరును బండికి పట్టి ఉంచేది) పిన్ను లాగాలి. బిగుసుకున్న పిన్నును కుడిచేత్తో గుంజుతూ వారంలోనే నొప్పి తిరగబెట్టుకున్నారు. ల్యాండింగ్ గేరును లో గేరులో తిప్పడం, పిన్ను మీద ఒత్తిడి పోయేలా బండిని కొంచెం వెనక్కి ఆనించి ఆ తర్వాత లాగడం నేర్పాక తగ్గింది.

రెండోది బరువు. ఫ్లాట్‌బెడ్‌లో సరుకు కళ్ళెదుట ఉంటుంది, ముందుకో వెనక్కో పెట్టమని లోడరుతో చెప్పొచ్చు. సీలు వేసిన వ్యాన్‌లో లోపలేముందో తెలియదు, తూకం వేస్తేనే తెలుస్తుంది. ఒక లోడుకు క్యాట్ స్కేల్ (ట్రక్కుల కాటా) చీటీ ఇలా వచ్చింది, పౌండ్లలో: స్టీరు (ముందు యాక్సిలు) 11,900, డ్రైవ్ యాక్సిళ్ళు (బండిని తోసే జత) 35,200, ట్రైలరు 32,100. మొత్తం 79,200, అంటే మొత్తానికున్న హద్దు 80,000 లోపే. కానీ డ్రైవ్ జతకు హద్దు 34,000. పన్నెండు వందలు ఎక్కువ. ట్రైలరు టాండెమ్‌లను (వెనక చక్రాల జతను) ముందుకు జరిపితే డ్రైవ్ మీది బరువు ట్రైలరు చక్రాల మీదికి వస్తుంది. టాండెమ్ జరిపే రంధ్రాల మధ్య ఆరంగుళాలుంటే ఒక్కో రంధ్రానికి సుమారు 400 పౌండ్లు. నాలుగు రంధ్రాలు ముందుకు జరిపితే 33,600, 33,700 అయిపోయేది. ఆయన వెనక్కి జరిపారు. "వెనక బరువు పెరగాలంటే చక్రాలు వెనక్కే కదా వెళ్ళాలి" అనుకున్నారట. చక్రాలు బరువు కిందికి రావాలి, దూరంగా పోకూడదు. రెండోసారి తూకం వేశాక గానీ తెలియలేదు.

మూడోది డాకు, అంటే గోడౌన్లో సరుకు ఎక్కించి దించే గుమ్మం. ఫ్లాట్‌బెడ్‌కు ఎక్కువగా విశాలమైన యార్డుల్లో పక్కనుంచి లోడెత్తుతారు. వ్యాన్ రోజూ రెండు బండ్ల మధ్య సందులోకి వెనక్కి వెళ్ళాలి. ఆయన వెనక్కి నడపడంలో ముందునుంచీ కొంచెం బలహీనం. ఫ్లాట్‌బెడ్‌లో అది బయటపడలేదు. మూడో వారంలో కిరాణా గోడౌన్ దగ్గర, రాత్రి రెండు గంటలకు, కుడివైపు నుంచి తిప్పుతూ పక్క బండి హుడ్ మీది అద్దాన్ని గీకేశారు. దిగి చూడలేదు.

ఆ రాత్రి రెండు గంటలన్నదే నాలుగోది, అన్నిటికన్నా పెద్దది. స్టీలు మిల్లులూ కట్టడాల సైట్లూ చాలావరకు పగలే పనిచేస్తాయి. కిరాణా గోడౌన్లు అర్ధరాత్రి, తెల్లవారుజామున అపాయింట్‌మెంట్లు ఇస్తాయి. వెళ్ళాక డాకులో మూడు నుంచి అయిదు గంటలు కూర్చోవాలి. డిటెన్షన్ డబ్బు (అలా కూర్చోబెట్టినందుకు ఇచ్చేది) రెండు గంటల తర్వాత గానీ మొదలుకాదు, అదీ రసీదు మీద వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాయించుకుంటేనే. ఆరు వారాల్లో ఆయనకు నిద్ర చెడింది.

మేం ఎక్కడ తప్పాం

అప్పుడు చేశాం, తొమ్మిదో వారంలో చేయాల్సిన పని. రెండు ఉద్యోగాల ఈఎల్‌డీ (బండిలో పనిగంటలు నమోదు చేసే పరికరం) లాగులూ ముందేసుకుని గంట గంటా లెక్కకట్టాం. అక్కడో చిక్కు: ఫ్లాట్‌బెడ్‌లో లోడు కట్టే సమయాన్ని ఆయన సగానికి పైగా ఆఫ్ డ్యూటీ కింద వేసుకున్నారు, ఎనిమిది రోజులకున్న 70 గంటల హద్దులో గంటలు మిగుల్చుకోవాలని. అది తప్పుడు లాగు. పట్టుబడితే స్ట్రాపు కేసు కన్నా పెద్దది. పైగా ఎక్కడ నష్టపోతున్నారో ఆయనకే కనపడకుండా చేసింది. సరుకు కట్టడం ఆన్ డ్యూటీయే. ఇంధన చీట్లూ, ఫోన్ ఫోటోల మీది వేళలూ చూసి అసలు గంటలు రాబట్టాం.

ఫ్లాట్‌బెడ్: వారానికి సగటున 1,750 మైళ్ళు, పట్టా డబ్బుతో కలిపి 1,150 డాలర్లు. నడిపింది 35 గంటలు. కట్టడం, విప్పడం, పట్టా, ఎదురుచూపు 20 గంటలు. గంటకు 21 డాలర్ల లోపు.

వ్యాన్: 2,200 మైళ్ళు, 1,144 డాలర్లు. నడిపింది 44, తనిఖీలూ ఇంధనమూ ట్రైలరు మార్పులూ 8, డాకులో కూర్చున్నది 19. గంటకు 16.

చేతికొచ్చిన జీతం రెండిట్లోనూ దాదాపు ఒకటే. మైలు రేటులో ఎనిమిది సెంట్లు ఎక్కువని ఒకదానికీ, మైళ్ళు ఎక్కువని ఇంకోదానికీ వెళ్ళారు. రెండు చోట్లా డబ్బు పోయింది బండి నిలబడ్డ గంటల్లోనే. రోడ్డెక్కాక రెండు పనులూ ఒకటే. ఆగినప్పుడు ఏం చేస్తావు, ఎంతసేపు చేస్తావు, దానికి ఎవరిస్తారు అన్నచోటే వేరవుతాయి. మేం భుజాన్ని చూసి సలహా ఇచ్చాం, గడియారాన్ని చూడలేదు. ఆ 20 గంటల్ని కూడా విడగొట్టి చూస్తే 11 గంటలు ఒక్క పట్టా పనికే పోతున్నాయి. అంటే ఆయనకు సరిపడనిది ఫ్లాట్‌బెడ్ కాదు, పట్టా.

పనిచేసింది

మూడు దారులు కనిపించాయి. మొదటిది కానెస్టోగా ట్రైలరు: పట్టా గూడులా ట్రాకుల మీద జరుగుతుంది, భుజానికి సుఖం. కానీ ఆ బండ్లున్న కంపెనీలు మేం అడిగినప్పుడు ఏడాది అనుభవం కావాలన్నాయి. రెండోది పూర్తి డ్రాప్ అండ్ హుక్ వ్యాన్ కాంట్రాక్టు (తెచ్చిన ట్రైలరు వదిలేసి సిద్ధంగా ఉన్న ఇంకోటి తగిలించుకోవడం): డాకులో కూర్చోవడం ఉండదు. అప్పటికి ఖాళీ దొరకలేదు. దొరికి ఉంటే, అవి పగటి వేళలై ఉంటే, బహుశా వ్యాన్‌లోనే ఉండమనేవాళ్ళం. మూడోది ప్రాంతీయ ఫ్లాట్‌బెడ్: చువ్వలు, పైపులు, బీములు, తడిసినా ఫరవాలేని సరుకు.

మూడోదానికి ఒక చిన్న కంపెనీ దొరికింది. టెక్సాస్, ఒక్లహోమా, ఆర్కన్సా, లూసియానా మాత్రమే. ఒప్పుకునే ముందు ఆయన చేత అడిగించినవి ఇవి: గత నెలలో వందకు ఎన్ని లోడ్లకు పట్టా కప్పారు? లోడు కట్టినందుకు విడిగా డబ్బుందా? డిటెన్షన్ ఎన్ని గంటల తర్వాత? రాచెట్ బైండర్లు కంపెనీవా, నేను కొనుక్కోవాలా? వారానికి ఎన్ని లోడ్లు? "మంచి మైళ్ళొస్తాయి సార్" అన్న రిక్రూటరు మాట పక్కనబెట్టి, అక్కడ పనిచేస్తున్న ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడించాం. పట్టా లోడ్లు చాలా తక్కువని వాళ్ళూ చెప్పాకే ఒప్పుకున్నారు.

పన్నెండు వారాల తర్వాత లెక్క: 1,900 మైళ్ళు మైలుకి 60 సెంట్లు, కట్టినందుకు లోడుకు 25 డాలర్ల చొప్పున వారానికి నాలుగు, మొత్తం 1,240. నడిపింది 38 గంటలు, మిగతా పని 14, ఈసారి నిజంగా లాగు చేసినవి. గంటకు దాదాపు 24. శనాదివారాలు ఇంట్లో ఉంటున్నారు. భుజం పైకి లేస్తోంది, తలమీదికి బరువెత్తినప్పుడు మాత్రం ఇంకా లాగుతోంది.

50 మైళ్ళ దగ్గర ఆగడం ఇప్పుడు కష్టం కాలేదు, ఎందుకంటే గడియారంలో చోటుంది. ఆ పని చేయమని ముందు మేం ఎంత చెప్పినా జరగలేదు. సమయం మిగిలాక చెప్పకుండానే జరిగింది.

తర్వాత మేం మార్చుకున్నవి

కొత్తగా వచ్చేవారిని ఇప్పుడు "ఎన్నేళ్ళ అనుభవం?" అని మొదట అడగడం లేదు. "అక్కడ లోడు ఎవరు కట్టేవారు? పట్టా ఎవరు వేసేవారు?" అని అడుగుతున్నాం. ఇండియాలో పదేళ్ళు నడిపినవారిలో సగానికి పైగా "క్లీనరు" అనే చెబుతారు. అందులో తప్పేం లేదు, కాకపోతే ఆ అనుభవాన్ని ఫ్లాట్‌బెడ్ అనుభవంగా లెక్కవేసుకోకూడదు.

వ్యాన్‌కు వెళ్తామన్నవారికి ఖాళీ ట్రైలరుతో ఇరుకు డాకులో ఎడమ నుంచి అయిదుసార్లు, కుడి నుంచి అయిదుసార్లు వెనక్కి నడిపిస్తున్నాం. ఒక్కోసారికి ఎన్నిసార్లు దిగి చూశారో రాసుకుంటున్నాం. ఒక్కసారీ దిగనివారికే మా దగ్గర తక్కువ మార్కులు. డాకులో మూడు గంటలు కూర్చోవాల్సి వస్తే, ఆ సమయాన్ని స్లీపర్‌లో (బండిలోని పడక) 7 గంటల విరామంతో జతకలిపి 14 గంటల లెక్క ఆపుకోవడం ఎలాగో కూడా మొదటి వారంలోనే నేర్పుతున్నాం. ఈయనకు అది ఆరో వారందాకా తెలియదు.

రెండు వారాల లాగు, రెండు పే స్టబ్బులు తేకుండా "మారిపోవచ్చా?" అంటే ఇప్పుడు జవాబు చెప్పడం లేదు. ఏడాదిలో మూడు కంపెనీలు మారిన పేరు ఈయన రికార్డు మీద పడింది. వ్యాన్ మజిలీ అందులో ఒకటి, దాని బాధ్యత మాది.

తనిఖీలో రాసిన ఆ ఉల్లంఘన పీఎస్‌పీ రికార్డులో (ఉద్యోగమిచ్చే కంపెనీలు చూసే, డ్రైవరు తనిఖీల ఫెడరల్ రికార్డు) మూడేళ్ళు కనిపిస్తుంది. తర్వాత రెండుసార్లు తనిఖీ అయింది, రెండూ ఏ తప్పూ లేకుండా పోయాయి, అవీ అందులోనే ఉన్నాయి. రేపు కానెస్టోగా కంపెనీకి దరఖాస్తు పెడితే ఆ స్ట్రాపు గురించి అడుగుతారు. అందుకని ప్రతి లోడు కట్టాక నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీస్తున్నారు, 50 మైళ్ళ దగ్గర ఇంకోసారి. ఫోన్ నిండిపోతోందని వాళ్ళబ్బాయి విసుక్కుంటున్నాడట.